మేలో నేపాల్: పొఖరాతో ఆగాలా, ముక్తినాథ్ దాకా వెళ్లాలా?

కాకినాడ కాజా
మే రెండో వారంలో నేపాల్ అనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలు (13, 9), అమ్మ (71, బీపీకి మాత్ర వేసుకుంటుంది, మోకాళ్లు పర్వాలేదు). ఎనిమిది రోజులు. పిల్లలకి చల్లటి చోటు కావాలట. కాఠ్మాండు, పొఖరా చూసి వచ్చేయాలా, ముక్తినాథ్ కూడా కలపాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లెడ్జరు మామ
మేలో వద్దు. నేను రిటైరైన ఏడాది మేలోనే వెళ్లాను. పొఖరా పైన సారంగ్‌కోట్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి దుప్పటి కప్పుకుని నిలబడ్డాం. సూర్యుడు వచ్చాడు, కొండ రాలేదు. ఎదురుగా తెల్లటి గోడ. అది మంచు కూడా కాదు, అడవులు తగలబడిన పొగ, దుమ్ము. టీకొట్టతను లోపల్నుంచి క్యాలెండరు తెచ్చి మచ్ఛపుచ్ఛ్రె శిఖరం ఫొటో మీద వేలు పెట్టి, తర్వాత గాల్లో ఒకచోట చూపించాడు, అక్కడుంటుందని. టీ డబ్బులు మాత్రం తీసుకున్నాడు. అక్టోబరు, నవంబరు. ఇంకో మాట లేదు.

శారద, విశాఖ
పొగ నిజమే. కానీ ముక్తినాథ్‌ది వేరే లెక్క. అన్నపూర్ణ, ధవళగిరి వరసలకి వెనకవైపు ఉంటుంది కాబట్టి వాన మేఘాలు చాలావరకు ఇవతలే ఆగిపోతాయి. మేం మేలోనే వెళ్లాం, గుడికి దిగువన ఉండే జోమ్‌సోమ్‌లో పొద్దున పూట అక్కడి నీలగిరి శిఖరం కిటికీలోంచే కనబడింది. 108 దివ్యదేశాల్లో ఒకటి, అమ్మగారిని తీసుకెళ్లండి. మా అత్తయ్యకి అప్పుడు 68.
పొఖరా చల్లగా ఉంటుందని పిల్లలకి మాట ఇవ్వకండి. ఎత్తు మన అరకు అంత కూడా లేదు. మేలో 30 డిగ్రీలు, పైగా ఉక్క.

లెడ్జరు మామ
అరకుతో పోలికేమిటి? ఫేవా సరస్సు పక్కన సాయంత్రం గాలి వేస్తుంది. మా నంద్యాలవాళ్లకి 30 డిగ్రీలంటే చలికాలం.

చెట్నీ పొడి
అరకు 900 మీటర్ల పైన, పొఖరా 820 దగ్గర. శారద గారిదే కరెక్టు.

లెడ్జరు మామ
నేను ఎత్తు గురించి అనలేదు, గాలి గురించి అన్నాను.

బోర్డరు బాబు
ఆధార్ చూపిస్తే మీ దంపతుల్ని విమానం ఎక్కనివ్వరు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ పెట్టుకోండి. మన 100కి వాళ్లవి 160.

సుద్దముక్క
అక్టోబరు అక్టోబరు అంటున్నారు, టీచర్లం మేమెలా పోవాలి? మాకు దొరికేది దసరా. అప్పుడే వాళ్లకి దశైన్, అంటే వాళ్ల దసరా. కాఠ్మాండు సగం ఖాళీ అయ్యి అందరూ ఊళ్లకి పోతారు, బస్సుల్లో సీటు దొరకదు. 2024లో సెప్టెంబరు చివర్లో వరదలొచ్చి 200 మందికి పైగా పోయారు. దసరాకి రెండు వారాల ముందు! టికెట్లు తీసుకున్నవాళ్ల టెన్షన్ నాకు తెలుసు, ఎందుకంటే నేనే తీసుకున్నాను.

లెడ్జరు మామ
ఒక్క ఏడాది సంగతి పట్టుకుని మాట్లాడకండి. నవంబరులో ఆకాశం అద్దంలా ఉంటుంది.

సుద్దముక్క
నవంబరులో మా హెడ్‌మాస్టరు సెలవు ఇస్తారా, మీరొచ్చి అడుగుతారా?

శారద, విశాఖ
మామ గారు కొండ కనబడలేదన్న కోపంలోనే ఉన్నారు. కాజా గారు అడిగింది అమ్మగారి గురించి. ఆలయం దగ్గర 108 ధారలు ఆవు ముఖాల్లోంచి పడుతుంటాయి. మా అత్తయ్య ఒక్కో ధార కింద చెయ్యి పెట్టి నెత్తిన చల్లుకుంటూ వెళ్లింది. ఆ నీళ్లకి నా వేళ్లు కొంకర్లు పోయాయి, ఆవిడ మాత్రం లెక్క తప్పలేదు. అన్నపూర్ణ కనబడిందా అని ఆవిడ ఇప్పటికీ అడగలేదు.

లెడ్జరు మామ
మీ అత్తగారు అదృష్టవంతురాలు, క్షేమంగా తిరిగొచ్చారు. అందరికీ అలా జరగదు. 71 ఏళ్ల మనిషిని 3,700 మీటర్లు ఎక్కించమని ఇంట్లో కూర్చుని రాయడం తేలిక. పుణ్యం మీకు, ఆయాసం వాళ్లకి.

శారద, విశాఖ
అదృష్టం కాదండీ. బయల్దేరేముందు డాక్టరుకి చూపించాం. పొఖరా నుంచి చిన్న విమానంలో జోమ్‌సోమ్ వెళ్లి, 2,700 మీటర్ల దగ్గర రెండు రాత్రులు పడుకున్నాం. మూడో రోజు పొద్దున్నే జీపులో పైకెళ్లి, గుర్రం మీద గుడి దాకా తీసుకెళ్లి, దర్శనం అవగానే కిందికి దింపేశాం. పైన నిద్ర చేయించలేదు. విమానాలు పొద్దుటిపూటే, తర్వాత ఆ లోయలో గాలి లేస్తుంది. అందుకని ఒక రోజు అదనంగా ఉంచుకున్నాం, అది ఖర్చయింది కూడా. ఇంకో సంగతి. మీరు చెప్పే అక్టోబరులో ముక్తినాథ్ ఎత్తు తగ్గుతుందా?

చెట్నీ పొడి
😂

లెడ్జరు మామ
నవ్వాల్సిన విషయం కాదు. ఆ మే ట్రిప్పులోనే మేం ముక్తినాథ్ కూడా వెళ్లాం. టూరువాడు పొఖరాలో చీకటితో బస్సెక్కించి రాత్రికి గుడి కింద ఊళ్లో దింపాడు. ఒక్క రోజులో 820 నుంచి 3,700కి. మా ఆవిడకి దారిలోనే తలనొప్పి, రాత్రి రెండు సార్లు వాంతి. తెల్లారి జీపు మాట్లాడుకుని కిందికి దిగుతుంటే సగం దారిలో తేరుకుంది.

శారద, విశాఖ
అయ్యో. అది మొదటే చెప్పాల్సింది కదండీ. మరి తప్పు మే నెలదా, ఆ టూరువాడిదా?

లెడ్జరు మామ
వాడిదే అని ఇన్నాళ్లూ చెబుతున్నాను. జోమ్‌సోమ్‌లో టీకి ఆపినప్పుడు మా ఆవిడ ఇక్కడే ఉండిపోతాను, మీరు వెళ్లి రండి అంది. ఇంత దూరం వచ్చి ఇదేం మాట అని నేనే ఎక్కించాను. వద్దన్న మనిషిని. కాజా గారూ, అందుకే అంటున్నాను.

సుద్దముక్క
ఇంతకీ కాజా గారూ, అమ్మగారు ఏమంటున్నారు?

కాకినాడ కాజా
అమ్మని ఇంకా అడగలేదు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాం.

శారద, విశాఖ
ఆవిడని అడిగారో లేదో కనుక్కోకుండా నేను కూడా తీసుకెళ్లమనేశాను. ముందు ఆవిడని అడగండి.

కాకినాడ కాజా
అడిగాను. పశుపతినాథుణ్ణి చూపిస్తే చాలంది. ముక్తినాథ్‌కి జోమ్‌సోమ్ దాకా వస్తుందట, అక్కడ ఒంట్లో ఎలా ఉందో చూసుకుని తనే చెబుతుందట. గండకిలో సాలగ్రామం దొరికినా ఇంటికి తేవద్దని ముందే షరతు పెట్టింది, రోజూ నైవేద్యం పెట్టే ఓపిక కోడలికి లేదని! మా ఆవిడ పక్కనే ఉంది. డాక్టరు అపాయింట్‌మెంటు శుక్రవారం. టికెట్లు మే 9కి చూస్తున్నాను.

లెడ్జరు మామ
మంచిది. జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు, మర్చిపోకండి. సారంగ్‌కోట్‌కి మాత్రం పోవద్దు, నిద్ర దండగ. నవంబరైతే...

చెట్నీ పొడి
మామా!