‘పచ్చ’ ఒక భావమా, రెండా? మనసుకు జ్యామితి ఉందా?

సంపెంగ:
స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గార్డెన్‌ఫోర్స్ 2000లో వెలువరించిన సిద్ధాంతం ప్రకారం, మనసు రంగులను, రుచులను, శబ్దాలను కొలతలు (రంగుకైతే గాఢత, వెలుగు వంటివి) గల ఒక స్థలంలో బిందువులుగా నిలుపుకుంటుంది. భావమంటే ఆ స్థలంలో ఒక ప్రాంతం. సహజమైన భావమైతే, దాని ప్రాంతంలోని ఏ రెండు బిందువులను తీసుకున్నా వాటి నడుమ ఉన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఇది నాకు నమ్మదగినదిగా కనిపిస్తోంది.

నేతగూడు:
మన ‘పచ్చ’ ముందు ఈ సిద్ధాంతం నిలవదు. పచ్చకామెర్లలో అది పసుపు, పచ్చని పొలంలో అది ఆకు రంగు. మా అమ్మాయి పెళ్లికి పచ్చ చీర కావాలని ఒక దుకాణానికి ఫోనులో చెబితే, పసుపు చీర కోసం ఎదురుచూస్తున్న మాకు చిలకపచ్చది పంపి, తిరిగి తీసుకోము పొమ్మన్నారు. ఒకే ప్రాంతమైతే ఆ గొడవ ఎందుకు వచ్చింది?

సంపెంగ:
మీ చీరే నా సాక్ష్యం. వర్ణచక్రంలో పసుపు, ఆకుపచ్చ ఇరుగుపొరుగులు. వాటి నడుమ ఉన్న చిలకపచ్చను కూడా మనం పచ్చ అనే అంటాము కనుక ప్రాంతం ఎక్కడా తెగలేదు. ఒకే మాట పసుపుకూ నీలానికీ చెల్లి, మధ్యనున్న ఆకుపచ్చకు చెల్లకపోతే అప్పుడు చిక్కు. 110 భాషల రంగుల మాటలను సేకరించిన సర్వేను భాషాశాస్త్రవేత్త గెర్హార్డ్ యేగర్ 2010లో పరిశీలించి, ఆ ప్రాంతాలు చాలావరకు ఇలాగే ఉన్నాయని చూపారు.

దారిపక్క:
ఇంతకీ చీర డబ్బు వచ్చిందా?

లెక్కలమాస్టారు:
మీ స్థలంలో పోలిక అంటే బిందువుల మధ్య దగ్గరితనం. దూరం ఎటునుంచి కొలిచినా ఒకటే కావాలి. మనవడిది తాత పోలిక అంటాము గానీ తాతది మనవడి పోలిక అనము. ఉత్తర కొరియా చైనాను పోలినంతగా చైనా ఉత్తర కొరియాను పోలదని జనం భావిస్తారని మనస్తత్వవేత్త ఏమోస్ ట్వెర్‌స్కీ 1977లోనే చూపారు. దీనికి మీ జ్యామితి ఏమంటుంది?

సంపెంగ:
సందర్భాన్ని బట్టి ఒక్కొక్క కొలతకు మనసు ఇచ్చే బరువు మారుతుంది, మాస్టారూ.

నేతగూడు:
చిక్కినప్పుడల్లా బరువులు మార్చుకుంటే మీ సిద్ధాంతం ఓడేది ఎప్పుడు? చీర మాట వదిలేయండి, రాలేదు, రాదు. నేను ముప్పై ఏళ్లుగా అద్దకం పనిలో ఉన్నాను. రంగుకు వర్ణం, గాఢత, వెలుగు అని మూడే కొలతలని తేల్చిన వారెవరూ మా చేతివైపు చూడలేదు.

సంపెంగ:
కొలతలు కొన్ని పుట్టుకతో వస్తాయి, కొన్ని నేర్చుకుంటే వస్తాయి అని గార్డెన్‌ఫోర్స్ కూడా అన్నారు. పైగా ఇది ఊహ మాత్రమే కాదు. ఎలుక తిరిగే చోటును షడ్భుజాల అల్లికగా గుర్తించే మెదడు కణాలు 2005లో నార్వేలో బయటపడ్డాయి. 2014 నోబెల్ వైద్య బహుమతిలో సగం దక్కినది ఆ పనికే. మెడ, కాళ్ల పొడవులు మారే పక్షి బొమ్మలను మనుషులు తలపోస్తున్నప్పుడు కూడా అటువంటి సంకేతమే మెదడులో కనిపించిందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ప్రకటించారు.

నేతగూడు:
ఆ పక్షిని రెండు కొలతలతో గీసినది పరిశోధకులే కదా! ఇచ్చిన కొలతలను మెదడు అందుకోగలదని తెలిసింది, సరే. ఎవరూ గీసి ఇవ్వని మర్యాదకు, న్యాయానికి, నా పనికి మెదడు తనంతట తాను కొలతలు పెట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది? నా అభ్యంతరమంతా ఇదే. పచ్చ గురించి కాదు. తడి బట్ట మీద రంగు ముదురుగా ఉంటుంది. దానిని చూస్తూనే, ఆరాక రాబోయే రంగును నేను పోల్చుకుంటాను.

లెక్కలమాస్టారు:
ఈ ప్రశ్న మొదటే అడిగి ఉంటే నేను కొరియా దాకా వెళ్లేవాడిని కాదు.

సంపెంగ:
మీ ప్రశ్న న్యాయమైనదే, పక్షి బొమ్మల ప్రయోగం దానికి జవాబు కాదు. అయినా ‘ఆరితే ఎంత తేలికవుతుంది’ అన్నది మీరు అనుభవంతో నేర్చుకున్న నాలుగో కొలత అని నేనంటాను.

నేతగూడు:
మీరు పేరు పెట్టాక అది కొలత అయింది. నిన్నటి వరకు నా చేతిలో అది ఏమై ఉండేదో చెప్పండి.