470 నైట్రో ఎక్స్‌ప్రెస్ మొదటిసారి కాల్చబోతున్నా, భుజం తట్టుకుంటుందా?

గాజువాక నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్కారం. వచ్చే నెల మా ఓడ డర్బన్‌లో ఆగుతుంది. అక్కడ స్థిరపడిన మా బావ దగ్గర 470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే పెద్ద తూటా కాల్చే పాతకాలపు ఇంగ్లిష్ డబుల్ రైఫిల్ (రెండు బ్యారెళ్లది) ఉంది, అప్పట్లో ఏనుగుల వేటకు చేసినది. వాళ్ల రేంజ్‌లో నాతో కాల్పిస్తానంటున్నాడు. నేను ఎన్‌సీసీలో 22 రైఫిల్ తప్ప ఏదీ పట్టలేదు. వీడియోల్లో మనుషులు వెనక్కి పడిపోవడం చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎముక విరుగుతుందా? బల్ల మీద ఆనించి కాలిస్తే దెబ్బ తగ్గుతుందా?

ఎంవీపీ కాలనీ నుంచి జవాబు:
తమ్ముడూ, బోట్స్వానాలో ఉద్యోగం చేసినప్పుడు నేను కాల్చాను ఇది. సరిగ్గా పట్టుకుంటే ఎముకకేం కాదు. దీని బుల్లెట్ 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములు, మామూలు 12 బోర్ షాట్‌గన్ తూటాలోని గుళ్లన్నీ కలిపినా దాదాపు అంతే, కానీ అవి సెకనుకు 400 మీటర్లు పోతే ఇది 650 పోతుంది. అందుకే రైఫిల్ 5 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువే నీకు రక్ష.

బల్ల మాత్రం వద్దు. కూర్చుని ముందుకు వంగితే ఒళ్లు వెనక్కి కదలదు, తన్నంతా భుజం దగ్గరే ఆగిపోతుంది. నిలబడే కాల్చు. ఆర్కే బీచ్‌లో అలకు ఎదురు నిలబడతాం చూడు, అలాగే ఎడమ కాలు ముందుకేసి, మోకాలు కాస్త వంచి, తగలగానే దాంతోపాటే ఒళ్లు వెనక్కి పోనివ్వు. బట్, అంటే రైఫిల్ వెనక చెక్క, మాత్రం భుజానికి గట్టిగా అదిమి ఉండాలి, వేలెడు సందున్నా గుద్దుతుంది.

ఇంకోటి, బ్యారెళ్లు తెరిచే లివర్ పైన ఉంటుంది, బొటనవేలు దాని వెనకాల పెట్టకు. నేను పెట్టాను, చర్మం లేచిపోయింది. నడిమివేలు ట్రిగ్గర్ గార్డుకు కొట్టుకుని కమిలి వాచింది, వారం పాటు కుడిచేత్తో అన్నం కలుపుకోలేకపోయాను. ఆ వేలు గార్డుకు ఆనకుండా చూసుకో.

అక్కయ్యపాలెం నుంచి:
అంత పాత తుపాకీ పేలిపోదా గురువుగారూ?

ఎంవీపీ కాలనీ:
ముందు గన్‌స్మిత్ చూడాల్సిందే, బ్యారెళ్లతో పాటు బట్ చెక్కలో పగుళ్లు కూడా. పాత నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలపు 4 బోర్, 8 బోర్ తుపాకుల్లో పొగరాని నైట్రో మందు వేస్తే నిజంగానే పేలతాయి. 470 మొదటి నుంచీ కార్డైట్ అనే నైట్రో మందుకే చేసినది. అసలు ఇలాంటి సైజులు ఇన్ని రకాలు రావడానికి కారణం మన దేశమే. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టినీ హెన్రీ సైనిక రైఫిళ్లకు పనికొస్తాయన్న భయంతో 1907లో ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడికి 450 సైజు తూటాలు రానివ్వలేదు, దాంతో కంపెనీలు 465, 470, 475 పట్టుకొచ్చాయి.

గాజువాక:
ధన్యవాదాలన్నా. ఎన్ని రౌండ్లు కాల్చొచ్చు?

ఎంవీపీ కాలనీ:
మొదటి రోజు మూడు చాలు. ఆ తర్వాత పేలకముందే ఒళ్లు ఉలిక్కిపడ్డం మొదలవుతుంది, గురి పాడవుతుంది. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, పైన మఫ్స్ కూడా వేసుకో. రెండు బ్యారెళ్లూ ఒకేసారి నింపనివ్వకు, ముందు ట్రిగ్గర్ నొక్కిన వేలు తన్ను దెబ్బకు జారి వెనక ట్రిగ్గర్‌ని లాగేస్తే రెండోది కూడా పేలుతుంది. కుడి బ్యారెల్లో ఒక్కటే వేయించుకో. ఎడమది ఖాళీగా ఉందో లేదో బావ మాట మీద వదిలేయకుండా నువ్వే కళ్లతో చూసి మూయి.