నెట్‌వర్క్ డ్రైవర్లకు ఉమ్మడి రిపాజిటరీ: అందులో ఏవి ఉంచవచ్చు?

అనంతపురం, కళాశాల ల్యాబ్ నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లోని కంప్యూటర్లు వేర్వేరు కాలాల్లో వచ్చినవి కావడంతో ఒక్కోదానిలో ఒక్కో రకం నెట్‌వర్క్ కార్డు ఉంది. లినక్స్ ఎక్కించాక కొన్నింటిలో వైఫై పనిచేయడం లేదు. కార్డును నడిపించే ప్రోగ్రామైన డ్రైవర్‌ను దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. కర్నూలు, కడపల్లోని మిత్రుల ల్యాబ్‌లలోనూ ఇదే పరిస్థితి. ఇప్పటివరకు ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఏది ఉంటే అది కాపీ చేసుకుంటున్నాం కానీ, ఆ ఫైలు ఏ కార్డుదో, ఎక్కడి నుండి వచ్చిందో చెప్పగలిగినవారు లేరు. మూడు ఊళ్లకూ కలిపి ఒక గిట్ రిపాజిటరీ (ఫైళ్లనూ వాటిలో చేసిన మార్పులనూ భద్రపరిచే చోటు) పెట్టి, ప్రతి ల్యాబ్‌లో దాని నకలు ఉంచాలని అనుకుంటున్నాం. ఉచితంగా దొరికిన ప్రతి డ్రైవరునూ అందులో ఉంచవచ్చా?

కర్నూలు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్:
ఉంచకూడదండి. డబ్బు అడగకుండా దించుకోనివ్వడం వేరు, దించుకున్నదాన్ని ఇతరులకు పంచే అనుమతి ఇవ్వడం వేరు. లినక్స్ కెర్నల్‌లోని (లినక్స్ కేంద్ర భాగంలోని) డ్రైవర్లు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు రెండవ వెర్షన్ కిందనో, దానితో పొసగే లైసెన్సుల కిందనో వస్తాయి కాబట్టి వాటిని నిరభ్యంతరంగా పంచవచ్చు. అయితే కంపైల్ చేసిన, అంటే యంత్రభాషలోకి మార్చిన, ఫైలును మాత్రమే ఇస్తే సరిపోదు. దానితోపాటు ప్రోగ్రామర్లు రాసిన మూల రూపం, అంటే సోర్స్ కోడ్ ఇవ్వాలి, లేదా అడిగినవారికి ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వకమైన హామీ ఇవ్వాలి. సోర్స్‌ను పక్కనే ఉంచేయడం అన్నిటికంటే సులువు.

ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే నడిచే ప్రోగ్రాము) విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చాలా వైఫై కార్డులకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉన్నా, కార్డులోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ విడిగా ఉంటుంది. దానికి సోర్స్ ఉండదు, మార్చే హక్కు కూడా తరచుగా ఉండదు, కానీ యథాతథంగా పంచుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకున్నాయి. అలాంటివన్నీ లినక్స్-ఫర్మ్‌వేర్ అనే రిపాజిటరీలో ఉన్నాయి. ఏ ఫైలు ఏ లైసెన్సు కిందకు వస్తుందో అందులోని ‘వెన్స్’ అనే ఫైలులో రాసి ఉంటుంది. మీరూ అలాంటి ఫైలు ఒకటి తప్పక పెట్టండి. పాత బ్రాడ్‌కామ్ కార్డుల ఫర్మ్‌వేర్‌కు పంచే అనుమతి లేదు. అందుకే ఆ కార్డులకు లినక్స్‌లో ఉన్న బీ43 డ్రైవర్ వాడేవారు కంపెనీ డ్రైవరును తామే దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేర్‌ను వేరుచేసుకోవలసి వస్తుంది. అలాంటి ఫైళ్లను ఎంత అవసరమైనా మీ రిపాజిటరీలోకి రానివ్వవద్దు.

ప్రొద్దుటూరు, కంప్యూటర్ సర్వీస్:
ముందుగా ఒక తక్షణ ఉపాయం: ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే, సాధారణంగా ఏ డ్రైవరూ ఎక్కించకుండానే లినక్స్‌లో నెట్ వస్తుంది.

ఇక రిపాజిటరీ విషయానికి వస్తే, ఫోల్డర్లకు కంపెనీల పేర్లు పెట్టకండి. ఒకే పెట్టె మీద ఒకే మోడల్ పేరు ఉన్నా లోపలి చిప్ మారిపోయి ఉండటం వైఫై డాంగిళ్లలో మామూలే. లినక్స్‌లో పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశాలు చూపే విక్రేత సంఖ్య, పరికర సంఖ్య కలిపి ఫోల్డర్ పేరుగా పెట్టండి. పీసీఐ కార్డు విక్రేత సంఖ్య 8086 అయితే, పెట్టె మీద ఏ పేరున్నా ఆ చిప్ ఇంటెల్‌దే. కెర్నల్ బయటి డ్రైవర్లను కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఆ పనిని తానే చేసుకుపోతుంది కానీ, దానికి కంపైలర్, కెర్నల్ హెడర్లు (కంపైల్ చేయడానికి కావలసిన కెర్నల్ ఫైళ్లు) కావాలి గనుక ఆ ప్యాకేజీలు కూడా నకలులో ఉండాలి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన డిజిటల్ సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్ ఫైలును, కెర్నల్ తిరస్కరిస్తుందని కూడా అక్కడ రాసిపెట్టండి. ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్య) తప్పనిసరి, ఎందుకంటే డ్రైవర్ కెర్నల్‌లోనే నడుస్తుంది. అది కల్తీ అయితే కంప్యూటర్ మొత్తం పరాధీనమైనట్టే.

లినక్స్ రకాల్లో డెబియన్ వాడుతున్నట్లయితే మీ పని చాలా తగ్గుతుంది. 2022లో దాని డెవలపర్లు జరిపిన ఓటింగ్ తరువాత, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుండి ఇన్‌స్టాలర్‌లోనే, పైన చెప్పిన, సోర్స్ లేకపోయినా పంచుకోదగిన ఫర్మ్‌వేర్ ఉంటోంది.

కడప, అధ్యాపకురాలు:
ఈ ప్రయత్నానికి మంచి పూర్వరూపం ఒకటి ఉంది. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలంలో అమెరికాలోని క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో ఉన్న రస్సెల్ నెల్సన్ ప్యాకెట్ డ్రైవర్లను (నాటి నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లను) ఒకచోట చేర్చి, సోర్స్‌తో సహా, ఎవరైనా స్వేచ్ఛగా కాపీ చేసుకునేలా పంచారు. అదే తరువాత క్రినూర్ సంకలనంగా పేరు పొందింది. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించిన ప్యాకెట్ డ్రైవర్ నిర్దేశాన్ని అన్నీ పాటించడం వల్ల, లోపల ఏ కార్డు ఉందో పైన నడిచే ప్రోగ్రాముకు తెలియవలసిన అవసరం ఉండేది కాదు. నాకు అందులో బాగా నచ్చినది దాని నిర్మాణం. డ్రైవర్లన్నిటికీ పనికివచ్చే కోడ్ విడిగా ఉండేది, కొత్త కార్డుకు డ్రైవర్ రాసేవారు ఆ కార్డుకు సంబంధించిన భాగం రాస్తే చాలు.

అందుచేత మీ రిపాజిటరీని కేవలం దించుకునే చోటుగా చూడవద్దని నా మనవి. మన విద్యార్థి ఒకరు ఒక డ్రైవర్‌లో పరికర సంఖ్య చేర్చి కార్డును పనిచేయించితే, ఆ మార్పు మూడు ఊళ్లలోనే ఆగిపోకూడదు. దాన్ని లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లను చూసుకునేవారికి ప్యాచ్‌గా (చేసిన మార్పులు మాత్రమే ఉన్న ఫైలుగా) పంపించాలి. అది కెర్నల్‌లో చేరిన రోజున మన రిపాజిటరీలోంచి ఆ ఫోల్డర్‌ను తీసివేయవచ్చు.

అనంతపురం, కళాశాల ల్యాబ్ నిర్వాహకుడు:
అందరికీ కృతజ్ఞతలు. మూలం, లైసెన్స్, చెక్‌సమ్ లేని ఫైలును చేర్చకూడదని నియమం పెట్టుకుంటున్నాం. కొన్ని కంప్యూటర్లలో విండోస్ కూడా ఉంది. కంపెనీలు ఇచ్చే విండోస్ డ్రైవర్లను ఏం చేయమంటారు?

కర్నూలు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్:
లైసెన్సులో పంచుకోవచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఫైలు పెట్టకండి. పరికర సంఖ్య, వెర్షన్, కంపెనీ డౌన్‌లోడ్ పేజీ చిరునామా మాత్రం రాసిపెట్టండి.