రోగి అడిగితే జబ్బు పేరు దాచడం పాపమా?

అడయారు విశ్వాసి:
వందనాలు. ఒంగోలు, నెల్లూరు నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చే కుటుంబాలు ఇక్కడి తెలుగు పాస్టర్లను కోరేది ఒకటే: "అయ్యగారూ, నాన్నకి చెప్పకండి, తట్టుకోలేడు." ప్రార్థనకి వెళ్లినప్పుడు ఆ నాన్నే "నాకేమైందండీ?" అని అడిగితే? "కడుపులో పుండు, అంతే" అనడం అబద్ధమే. తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీను అబద్ధాలను ఎనిమిది రకాలుగా విడదీశాడు. ఎవరికీ హాని చెయ్యకుండా ప్రాణం కాపాడేదాన్ని కూడా పాపమనే అన్నాడు. మేలు కోసం కీడు చేద్దామనే మాటను రోమా 3:8 తోసిపుచ్చింది.

పెరంబూరు సండేస్కూల్:
మరి బైబిల్లో యెరికో పట్నపు రాహాబు మాటేంటి బ్రదర్? ఇశ్రాయేలు వేగులవాళ్లను మిద్దె మీద జనుపకట్టెలో దాచి, రాజు మనుషులతో వెళ్లిపోయారని చెప్పింది. మగపిల్లల్ని చంపమన్న ఫరోకు మంత్రసానులు షిఫ్రా, పూయా సాకు చెబితే దేవుడు వాళ్లకు మేలు చేశాడు. రెండు ఆజ్ఞలు ఢీకొన్నప్పుడు పెద్దదానికి లోబడితే దోషం లేదని అమెరికన్ వేదాంతి నార్మన్ గైస్లర్ వాదన. దీన్ని 1966లో జోసెఫ్ ఫ్లెచర్ చెప్పిన పరిస్థితి నీతితో కలపొద్దు. ఫ్లెచర్‌కి ప్రేమ ఒక్కటే కట్టుబాటు, గైస్లర్‌కి ఆజ్ఞలన్నీ ఆజ్ఞలే.

అడయారు విశ్వాసి:
యాకోబు 2:25 రాహాబును మెచ్చుకున్నది ఆ వేగులవాళ్లను చేర్చుకుని వేరే దారిన పంపినందుకు, అబద్ధానికి కాదు. నోబు ఊళ్లో దావీదు యాజకుడు అహీమెలెకుతో ఆడిన అబద్ధం చూడండి. ఆ తర్వాత, దావీదుకు సాయం చేశారని, సౌలు రాజు మనిషి దోయేగు చేతిలో 85 మంది యాజకులు చచ్చిపోయారు.

వార్డు పరిచర్య:
రాహాబుని అడిగినవాళ్లు పట్టుకుపోవడానికి వచ్చారు. ఇక్కడ అడుగుతున్నది జబ్బు ఎవరిదో ఆ మనిషే! తెలుసుకునే హక్కు లేనివాడికి నిజం చెప్పనక్కర్లేదని కతోలిక సత్యోపదేశం 2489వ పేరా అంటుంది. రోగికి ఆ హక్కు పూర్తిగా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, సొంతంగా నిర్ణయించుకోగల వయోజన రోగి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది.

పైగా దాచినా దాగదు. ఫైలు మీద ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) అని ఉంటుంది, కీమోతో జుట్టు రాలుతుంది, పక్క మంచం వాళ్లు అడుగుతారు. ఆయనకి అర్థమైపోతుంది, కానీ పిల్లలు బాధపడతారని పైకి అనడు. వీలునామా, తమ్ముడితో సమాధానపడటం, ప్రభురాత్రి భోజనం అన్నీ వాయిదా పడి, ఆయనకి స్పృహ నిలవని రోజుల్లో అందరికీ గుర్తొస్తాయి.

బయాప్సీ రిపోర్టు రాకముందే డాక్టరు రోగిని విడిగా అడగాలి: "ఏది తేలినా మీకే చెప్పమంటారా, అబ్బాయికి చెప్పమంటారా?" అబ్బాయికే అంటే ఆగొచ్చు, అది ఆయన నిర్ణయం. నాకే అంటే డాక్టరే చెప్పాలి. ఆయనకి ఇప్పటికే ఏం తెలుసో ముందు కనుక్కుని, ఒక్కో ముక్క చెప్పి ఆగాలి. ఎన్నాళ్లు బతుకుతానని ఆయన అడగకపోతే ఆ లెక్క ఎత్తొద్దు. పాస్టర్ని ముందే అడిగితే "డాక్టరుగారిని పిలిపిస్తాను, నేనూ పక్కనే ఉంటాను" అంటే చాలు. అందులో అబద్ధం లేదు.

పెరంబూరు సండేస్కూల్:
పల్లెటూరి పెద్దాయనను ఒంటరిగా కూర్చోబెడితే అక్కడే హడలిపోతాడు. భార్య పక్కన ఉండాలి.

వార్డు పరిచర్య:
ఎవరుండాలో కూడా ఆయన్నే అడగండి సిస్టర్. "అబ్బాయికే" అన్నాయన మనసు మారొచ్చు, ప్రతి స్కాన్ ముందూ మళ్లీ అడగాలి.