గుంటూరుకి ఫారిన్ ఇండీ రాక్ సీడీలు తెప్పించుకునేవాళ్లు ఉన్నారా? డిస్క్ కంటే పోస్టేజీ ఎక్కువవుతోంది

బ్రాడీపేట బేస్:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. మా మావయ్య ఇల్లు మారుతూ తన పాత సీడీ డెక్, రెండు స్పీకర్లు నాకిచ్చేశాడు. లోపల ఘంటసాల గారి డిస్క్ ఒకటి ఉండిపోయింది, నెల రోజులుగా ఆ ఒక్కటే తిప్పుతున్నాను. నాకు కావాల్సినవి ఇండీ బ్యాండ్లు, అంటే పెద్ద కంపెనీలు కాకుండా చిన్న కంపెనీలు డిస్కులు వేసేవాళ్లు: యో లా టెంగో, గెలాక్సీ 500, అన్నిటికంటే ముఖ్యంగా లో. లో అంటే షష్ఠీ విభక్తి కాదు, అమెరికాలో డులూత్ అనే ఊరి బ్యాండ్. 2022 నవంబర్‌లో వాళ్ల డ్రమ్మర్ మిమీ పార్కర్ పోయారన్న వార్త చదివాకే నేను వాళ్లని వినడం మొదలుపెట్టాను.

పాత డిస్కులు అమ్మే డిస్కాగ్స్ సైట్లో చూస్తే ఇంగ్లండ్ సెల్లర్ దగ్గర డిస్క్ 6 పౌండ్లు, ఇక్కడికి పంపడానికి 11 పౌండ్లు! సరే పోనీ అని కొనబోతే కార్డ్ డిక్లైన్. పైగా కస్టమ్స్ వాళ్లు ఎంత వేస్తారో తెలీదు. నెలజీతంతో బతికేవాణ్ణి, ఒక్క డిస్క్‌కి రెండు వేలు పెడితే మా ఇంట్లో ఊరుకోరు. దయచేసి ఫోన్‌లో వినొచ్చుగా అని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లోనే రోజూ వస్తోంది.

గవర్నర్‌పేట పాతకాపు:
తమ్ముడూ, ముందు కార్డ్ సంగతి. 2020 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కొత్త కార్డులన్నీ ఇండియాలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. నీ బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేసి లిమిట్ ఐదు వేలో ఎంతో పెట్టుకో, పని అయిపోగానే ఆపేయ్. చాలా ఫారిన్ సైట్లు ఓటీపీ అడగవు, నంబర్ కొడితే డబ్బు పోతుంది, అందుకే చెప్తున్నా. బ్యాంక్ ఫారిన్ కరెన్సీ కింద రెండు నుంచి మూడున్నర శాతం దాకా తీసుకుంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ, అది కూడా లెక్కలో వేసుకో.

ఇక పోస్టేజీ. నువ్వు ఒక్క డిస్క్ కొనబోయావు, అక్కడే దెబ్బతిన్నావు. ఫారిన్ పోస్ట్‌లో మొదటి వంద గ్రాములే ఖరీదు, ఆ తర్వాత పెరిగేది తక్కువ. ప్లాస్టిక్ కేసుతో కలిపి సీడీ వంద గ్రాముల దగ్గర ఉంటుంది, ఒట్టి డిస్క్ పదహారు గ్రాములు మించదు. అంటే మనం డబ్బులిచ్చి తెప్పించుకుంటున్నది సంగీతం కాదు, ప్లాస్టిక్. నేనైతే ఎప్పుడూ సెల్లర్‌కి ముందే మెసేజ్ పెడతాను: డిస్క్, ముందు బుక్‌లెట్, వెనక కాగితం మాత్రం పంపు, కేసు నువ్వే ఉంచుకో అని. చాలామంది ఒప్పుకుంటారు. అలా ఒకే సెల్లర్ దగ్గర అయిదారు డిస్కులు తీసుకుంటే ఒక్కో డిస్కుకి పోస్టేజీ రెండు మూడు వందల్లో పడుతుంది.

నాకిది ఊరికే తెలియలేదులే. మొదటిసారి తెప్పించినప్పుడు కేసుతోనే పంపమన్నాను. పోస్ట్‌మన్ చేతిలోంచి తీసుకుని ఊపి చూస్తే లోపల గలగల. డిస్క్‌ని పట్టుకునే మధ్యలో పళ్లు నాలుగు విరిగి, దారి పొడుగునా ఆ ముక్కలు డిస్క్ మీదే దొర్లాయి. నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని కొన్నది కాస్తా ట్రాక్ 3 దగ్గర టకటకమంటుంది. ఇప్పటికీ అంతే.

ఇక్కడ షాపుల్లో వెతికే పని పెట్టుకోకు. బెజవాడ బీసెంట్ రోడ్‌లో క్యాసెట్లు కొన్న తరం మాది, అప్పుడు కూడా ఇలాంటి బ్యాండ్లు దొరికేవి కావు. కావాలంటే హైదరాబాద్ మ్యూజిక్ వరల్డ్‌కి వెళ్లేవాళ్లం, ఆ కంపెనీ షాపులు 2013కల్లా మూతపడ్డాయి. బొంబాయి రిథమ్ హౌస్ కూడా 2016లో పోయింది.

బ్రాడీపేట బేస్:
అన్నా, ఇంటర్నేషనల్ ఆన్ చేశాను, పేమెంట్ వెళ్లేలా ఉంది. కస్టమ్స్ సంగతి ఎవరైనా చెప్పండి, టెన్షన్ అదే. సెల్లర్‌తో గిఫ్ట్ అని రాయిస్తే పోతుందా?

అరండల్‌పేట లెక్కలు:
రాయించకండి సార్. అయిదు వేల లోపు గిఫ్ట్‌కి డ్యూటీ లేదన్న వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. ఇప్పుడు గిఫ్ట్ అని రాస్తే లాభం లేకపోగా అనుమానం వస్తుంది. పార్సెల్ మీద సీఎన్ 22 అని చిన్న కాగితం అతికిస్తారు, దాని మీద వస్తువేంటో, అసలు ధరెంతో నిజం రాయించడమే మంచిది. ఇన్‌వాయిస్ కాపీ కూడా లోపల పెట్టమనండి.

ఇంకో విషయం చాలామందికి తెలీదు, డ్యూటీ వేసేది డిస్క్ ధర మీద మాత్రమే కాదు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ కూడా కలిపి ఆ మొత్తం మీద. పైన ఆయన చెప్పిన కేసులు తీసేసే కిటుకు ఇక్కడ కూడా కలిసొస్తుంది. పోస్ట్‌లో వస్తే డ్యూటీ ఎంతుంటే అంత పోస్ట్‌మన్ గుమ్మం దగ్గరే వసూలు చేసుకుంటాడు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ప్రైవేట్ కొరియర్ మాత్రం వద్దు. వాళ్లు ఆధారో పాన్‌కార్డో అడుగుతారు, అది పర్లేదు, కానీ క్లియరెన్స్ చార్జీ అని విడిగా వేస్తారు. ఆరు వందల డిస్క్‌కి ఆ చార్జీయే అంతకంటే ఎక్కువ కట్టాను నేను ఒకసారి.

ట్రాకింగ్ ఉన్న పోస్ట్ తీసుకోండి. నంబర్ రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం అక్షరాలు, ఇంగ్లండ్ అయితే జీబీ. మన ఇండియా పోస్ట్ సైట్లో కూడా అదే నంబర్ పనిచేస్తుంది. నావి రెండు చెన్నై మీదుగా, ఒకటి ముంబై ఫారిన్ పోస్టాఫీస్ మీదుగా వచ్చాయి. ముంబైది కస్టమ్స్ దగ్గర పదకొండు రోజులు కదల్లేదు, నేను రోజుకి నాలుగుసార్లు చూసుకునేవాణ్ణి.

పటమట పెడల్:
పాతకాపు గారి కేసుల సలహా బానే ఉంది గానీ అట్ట కవర్లో వచ్చే డిజీప్యాక్‌లకి కుదరదు, వాటిని విప్పమని అడిగి పరువు తీసుకోకండి.

పాతవి కాదు, ఇప్పుడు ఆడుతున్న బ్యాండ్లు కావాలంటే బ్యాండ్‌క్యాంప్ చూడండి, బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైట్ అది. 2008 నుంచి ఉంది, డిస్కుల మీద పది శాతం, పేమెంట్ చార్జీలు మాత్రం ఉంచుకుని మిగతాది బ్యాండ్‌కో, డిస్క్ వేసిన లేబుల్‌కో (కంపెనీకో) ఇస్తారు. మామూలుగా సీడీ కొన్న నిమిషంలోనే పాటలు డౌన్‌లోడ్ కూడా వస్తాయి, కాబట్టి పార్సెల్ అయిదు వారాలు తిరిగినా ఈలోగా వింటూ ఉండొచ్చు. కాకపోతే మరీ చిన్న బ్యాండ్లు ఇంట్లో కంప్యూటర్‌లో రాసిన సీడీఆర్‌లు పంపుతారు. తిప్పి చూడండి, ఫ్యాక్టరీ డిస్క్ అడుగు వెండిలా మెరుస్తుంది, సీడీఆర్ ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. మన బ్లేజ్‌వాడ ఎండలకి నా దగ్గర ఒకటి నాలుగేళ్లలో చదవడం మానేసింది. కొనేముందు అడగండి.

జపాన్ ఎడిషన్ల జోలికి వెళ్లకండి, అక్కడ సొంత డిస్కుల కంటే దిగుమతి డిస్కులు చవకని, జనం లోకల్ డిస్కే కొనాలని అదనంగా ఒకటి రెండు పాటలు వేసేవాళ్లు. ఆ రెండు పాటల కోసం, పక్కన కాగితం పట్టీ కోసం మనం మూడింతలు ఇవ్వడమెందుకు?

గెలాక్సీ 500 గురించి ఒక మాట. వాళ్ల లేబుల్ రఫ్ ట్రేడ్ 1991లో దివాలా తీస్తే, వేలంలో తమ మాస్టర్ టేపుల్ని (అసలు రికార్డింగుల్ని) బ్యాండ్ వాళ్లే కొనుక్కున్నారు. అందుకే తర్వాత మళ్లీ వేసిన ప్రెస్సింగ్‌లు (అచ్చులు) చాలా ఉన్నాయి. మొదటి ప్రెస్సింగ్ అని రేటు పెంచేవాడి దగ్గర కొనొద్దు, తర్వాతవి తీసుకో.

గవర్నర్‌పేట పాతకాపు:
పెడల్ గారూ, డిజీప్యాక్ సంగతి ఒప్పుకుంటున్నా. జపాన్ సంగతి మాత్రం ఒప్పుకోను, నా దగ్గర పద్నాలుగున్నాయి 😀

ఇదే ఊపులో పాత ముచ్చటొకటి. వాషింగ్టన్ లేబుల్ డిస్కార్డ్ తమ డిస్కుల వెనక పోస్టేజీతో కలిపి ధర అచ్చేసేది, షాపువాడు పెంచకుండా. ఇప్పుడా లెక్కన గుంటూరుకి ధర వేయమంటే ఆ కవర్ సరిపోదు.

సరే తమ్ముడూ, పనిలోకి వద్దాం. నువ్వు చూసిన ఇంగ్లండ్ సెల్లర్ దగ్గరే నా కార్ట్‌లో మూడు డిస్కులున్నాయి, పెడల్‌కి రెండు కావాలట. నీవి కూడా కలిపి ఒకటే ఆర్డర్ పెడదాం, పోస్టేజీ డిస్కుల లెక్కన పంచుకుందాం. గవర్నర్‌పేట అడ్రస్‌కి తెప్పిస్తాను.

బ్రాడీపేట బేస్:
అన్నా, కలపండి. లో ఒకటి, గెలాక్సీ 500 ఒకటి. రెండోది వీజీ ప్లస్ (వాడినదే గానీ బాగానే ఉంది) అని రాశాడు, ఫోటో లేదు, అడుగు వైపు ఫోటో పెట్టమని మెసేజ్ చేశాను. యో లా టెంగో వచ్చే నెల జీతానికి. డబ్బులు ఇప్పుడే పంపనా?

గవర్నర్‌పేట పాతకాపు:
సెల్లర్ మొత్తం పోస్టేజీ చెప్పనీ, అప్పుడు. వచ్చాక ఆదివారం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరికి వచ్చేయ్, అక్కడే ఇచ్చేస్తా. కేసులు ఉండవు, గుర్తుందిగా?

బ్రాడీపేట బేస్:
మా మావయ్య అటక మీద ఖాళీ కేసులు పెట్టెడున్నాయట, తుడుచుకుని మీకూ నాలుగు తెస్తాను.