అమెరికన్ ఫుట్‌బాల్ టూర్: మొదటి ఆల్బమ్ వరుసగా వాయించాలా, కొత్త పాటలు కలపాలా?

ఆరోతీగ: ‘అమెరికన్ ఫుట్‌బాల్’ అంటే ఆట కాదు, 1999లో ఒక్క ఆల్బమ్ తెచ్చి 2000లో విడిపోయిన ఇల్లినాయ్ బ్యాండ్. 2014లో మళ్ళీ కలిశారు. 2016లో రెండోది, 2019లో మూడోది వచ్చాయి. అయినా జనం టికెట్ కొనేది ఆ మొదటిదాని కోసమే. దాన్ని ఉన్న వరుసలో వాయించేసి, చివర్లో కొత్తవి రెండు పెడితే చాలు.

కాపోకింద: లెక్క కుదరదండీ. తొమ్మిది పాటలూ కలిపి 41 నిమిషాలే. హెడ్‌లైనర్ (షోలో ప్రధాన బ్యాండ్) గంటంపావుకి ముందే దిగిపోతే ఊరుకుంటారా? పైగా అందరూ ఎదురుచూసే ‘నెవర్ మెంట్’ మొదటి ట్రాక్. సగం మంది ఇంకా గేటు దగ్గర బ్యాగులు చూపిస్తుండగానే అసలుది అయిపోతుంది.

ఇంకో చిక్కు ట్యూనింగ్. ఆ పాటకి గిటార్ తీగల శ్రుతి, అన్నిటికంటే లావైన ఆరో తీగ నుంచి: ఎఫ్, ఏ, సి, జి, సి, ఇ. అంటే మామూలు శ్రుతి కంటే ఆరో తీగ అర స్వరం పైకి, నాలుగోది ఒక స్వరం కిందికి, రెండోది అర స్వరం పైకి. మిగతా మూడూ కదలవు. ఆరో తీగ మీద బిగువు 12 శాతం పెరుగుతుంది, నాలుగో తీగ మీద 20 శాతం తగ్గుతుంది. వదులైన ఆ నాలుగోదే బజ్ కొడుతుంది (ఫ్రెట్లకి తగిలి జరజరలాడుతుంది). వరుస మార్చుకునే వీలుంటే ఒకే ట్యూనింగ్ పాటలన్నీ ఒకచోట పెట్టుకోవచ్చు. ఆల్బమ్ వరుసలో ఆ వీలు లేదు.

ఆరోతీగ: నాలుగో తీగ 26 గేజ్ (తీగ లావు కొలత) బదులు 28 గానీ 30 గానీ వేస్తే సరి. ట్యూనింగ్‌కి ఒక గిటార్ పెట్టుకుంటే మార్చే పనే ఉండదు కదా బ్రో.

కాపోకింద: గిటార్ వాయించేవాళ్ళు ఇద్దరు. మూడు ట్యూనింగులంటే ఆరు గిటార్లు, తీగ తెగితే అదనంగా రెండు. విమానంలో తీసుకెళ్ళే టూర్‌కి అది పెద్ద బరువే. లావు తీగ వేసినప్పుడు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి కూడా కాస్త వెడల్పు చేయాలి. లేదంటే తీగ అందులో ఇరుక్కుని, పాట మధ్యలో టిక్కుమని జారి శ్రుతి తప్పుతుంది. స్టేజీ మీదే మార్చక తప్పకపోతే ‘సి’ కంటే కిందికి దించి, అక్కణ్ణుంచి పైకి తేవాలి. పైనుంచి దించి వదిలేస్తే రెండో చరణానికి ఇంకా దిగిపోతుంది.

ఇత్తడిగొంతు: గిటార్ల గొడవలో ట్రంపెట్‌ని మర్చిపోయారు. డ్రమ్స్, ట్రంపెట్ రెండూ స్టీవ్ లామోస్‌వే. రెండు పాటల పాటు స్టాండు మీద ఊరికే ఉంటే చల్లారిపోతుంది. లోపలి గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి దాదాపు 3 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగుతుంది. గిటార్ తీగ దీనికి ఉల్టా: చల్లబడితే పైకి పోతుంది. ఆరుబయట రాత్రి షోలో రెండూ చెరో దారి పడతాయి. అందుకే ట్రంపెట్ పాటలు పక్కపక్కన ఉండాలి, ఊదే ముందు అర నిమిషం శబ్దం రాకుండా వెచ్చటి ఊపిరి పంపాలి. ఈ విషయంలో నా ఓటు కాపోకిందకే.

ఆరోతీగ: ఒప్పుకున్నా. మరి మూడో ఆల్బమ్ సంగతేంటి? హేలీ విలియమ్స్, రేచెల్ గోస్వెల్, ఎలిజబెత్ పావెల్ అతిథులుగా పాడారు. వాళ్ళు ప్రతి ఊరికీ రారు. గొంతు ల్యాప్‌టాప్‌లోంచి వదిలితే డ్రమ్మర్ చెవిలో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్) తప్పదు. ఒక్క బార్ (తాళం ఆవర్తం) ఎక్కువ వాయించినా ట్రాక్ ఆగదు, పాట బోల్తా. అది లైవ్ అనిపించుకుంటుందా?

ఇత్తడిగొంతు: ట్రాక్ ఎందుకండీ? ఆ భాగం పాడే మనిషిని టూర్‌కి తీసుకెళ్ళాలి. ‘అసలు లైనప్’ అని పట్టుబట్టేవాళ్ళకి ఒక మాట: మొదటి రికార్డులో బేస్ కూడా గాయకుడు మైక్ కిన్సెల్లాదే, ఇప్పుడు బేస్ వాయించే నేట్ చేరింది 2014లో. అతను వచ్చినందుకు ఎవరూ ఏడవలేదుగా!

కాపోకింద: నేనైతే ఇలా పెడతా. మూడో ఆల్బమ్ మొదటి పాటతో ఎత్తుకోవాలి, అందులో వాడే వైబ్రఫోన్ (లోహపు పలకల వాద్యం) సౌండ్‌చెక్‌లో పెట్టిన చోటే ఉంటుంది. తర్వాత రెండో ఆల్బమ్ నుంచి మూడు, ట్రంపెట్ పాటలు మధ్యలో. ‘స్టే హోమ్’ ఎనిమిది నిమిషాలు, అది చివరికి ముందు. ‘నెవర్ మెంట్’ ఆఖరున, అప్పటిదాకా ముట్టుకోని గిటార్ మీద.

ఆరోతీగ: ముట్టుకోని గిటార్ అంటే గంటసేపు లైట్ల వేడికి తీగలు దిగిపోయి ఉంటాయి. ఎక్కే ముందు ఎవరో ఒకరు చూసి ఇవ్వాలి మరి.