2035 తప్పు తర్వాత హిమాలయాల గురించి ఐపీసీసీ మాట ఎందుకు నమ్మాలి?

సూటిప్రశ్న:
హిమాలయాల్లో గ్లేసియర్లు (హిమానీనదాలు) 2035 కల్లా మాయమయ్యే అవకాశం "చాలా ఎక్కువ" అని, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేసే శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ తన 2007 నివేదికలో రాసింది. అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకుంది. 2009 నవంబరులో, జియలాజికల్ సర్వేలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా గారు, మన గ్లేసియర్ల మీద అప్పటిదాకా ఉన్న కొలతలు ముందు పెట్టి, అంత వేగంగా కరుగుతున్నాయనడానికి రుజువు లేదన్నారు. ఆ పత్రాన్ని విడుదల చేసింది అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని "వూడూ సైన్స్" (మంత్రగాళ్ల శాస్త్రం) అని కొట్టిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరి 20న, ఆ పేరాకి సరైన ఆధారం లేదని ఐపీసీసీయే ఒప్పుకుంది.

కొలతలు చూపించిన పెద్దాయన్ని అవమానించి, ఆధారం లేని అంకెని నెత్తిన పెట్టుకున్న సంస్థ ఇప్పుడు భూమి వేడి 1.5 డిగ్రీలు, 2 డిగ్రీలు పెరుగుతుందంటే ఎందుకు నమ్మాలి? నేను ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు. తిట్టొద్దు, కొలతలు చూపించండి.

కృష్ణాతీరం:
నాదీ ఇదే అనుమానం. అదే 2009 నవంబరులో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాతావరణ సైంటిస్టుల ఈమెయిళ్లు కూడా బయటపడ్డాయి. డేటా అడిగినవాళ్లకి ఇవ్వకుండా ఎలా తప్పించుకోవాలో వాటిలో మాట్లాడుకున్నారు. అయినా మన గోదావరి, కృష్ణ వానలతో నిండే నదులు. హిమాలయాల మంచుతో వాటికి పనిలేదు. ఈ గొడవ మనకెందుకు?

హనుమకొండ మాస్టారు:
సూటిప్రశ్న గారూ, తప్పు జరిగిన మాట నిజం. చిన్న తప్పూ కాదు. పచౌరీ గారు రైనా గారిని అలా అనడం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎలా పాకిందో, ఎవరు పట్టుకున్నారో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

1996లో రష్యా శాస్త్రవేత్త కోత్ల్యకోవ్, ధ్రువ ప్రాంతాల్ని వదిలేస్తే ప్రపంచంలో మిగిలిన గ్లేసియర్ల విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకి తగ్గిపోవచ్చని రాశాడు. ఎప్పటికి? 2350కి. ఇంకోవైపు 1999లో ప్రొఫెసర్ సయ్యద్ హస్నైన్ మాటగా 2035 అన్న ఏడాది పత్రికల్లో వచ్చింది. అది ఏ పరిశోధనా పత్రంలోనూ అచ్చయిన లెక్క కాదు. దాన్ని 2005లో ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నివేదిక ఎత్తి రాసుకుంది. అక్కణ్ణుంచి ఐపీసీసీలోకి వచ్చింది. చివరికి ఐపీసీసీ పేరాలో 5 లక్షలు, లక్ష అన్న అంకెలు అలాగే ఉన్నాయి, పక్కన 2350 ఉండాల్సిన చోట 2035 కూర్చుంది. హిమాలయాల్లో గ్లేసియర్లన్నీ కలిపినా లక్ష చదరపు కిలోమీటర్లలో సగం కూడా ఉండవు. 5 లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఒక్కరు పట్టుబట్టినా ఆ పేరా అక్కడే ఆగిపోయేది.

అడిగినవాళ్లు లేకపోలేదు. డ్రాఫ్టు మీద జపాన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఆస్ట్రియా గ్లేసియర్ నిపుణుడు గెయార్గ్ కాసర్ అచ్చు కాకముందే హెచ్చరించానన్నాడు. రాసినవాళ్లు పట్టించుకోలేదు. ఇందులో ఐపీసీసీని వెనకేసుకురావడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయితే ఈ తీగ అంతా లాగి బయటపెట్టింది కెనడాకి చెందిన గ్రాహమ్ కాగ్లీ. ఆయన జీవితమంతా గ్లేసియర్ల తరుగుదల లెక్కలు కట్టిన మనిషి. కాసర్, మరి ఇద్దరితో కలిసి ఆ సంగతి "సైన్స్" పత్రికకి రాశాడు. మంచు కరుగుతోందని చెప్పేవాళ్లే 2035 తప్పని చెప్పారు. పైగా ఆ అంకె ఉన్నది రెండో సంపుటంలో, ఆసియా మీద ప్రభావాల అధ్యాయంలో. గ్లేసియర్ల కొలతలు, భౌతికశాస్త్రం ఉన్న మొదటి సంపుటంలో అది లేనే లేదు.

భోజ్‌బాసా బాటసారి:
గంగోత్రి గ్లేసియర్ ముగిసే చోటు గోముఖ్ వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి ఒక్క మాట. గంగోత్రి గుడి నుంచి 18 కిలోమీటర్లు నడక. అక్కడ తెల్లటి మంచుకొండ కనిపిస్తుందనుకుని వెళ్తాం. కనిపించేది బూడిదరంగు గోడ. పైనంతా రాళ్లు, మట్టి. ఎండ ఎక్కేకొద్దీ అంచు నుంచి రాళ్లు దొర్లిపడుతుంటాయి. కింద బురదనీళ్లు. దూరం నుంచి చూస్తే అది మంచు అని కూడా తెలియదు. మా గైడు తన చిన్నప్పుడు మంచు ఇక్కడిదాకా ఉండేదని చాలా కిందికి ఒక చోటు చూపించాడు. శాస్త్రం నాకు తెలియదు, చూసింది చెప్పాను.

సూటిప్రశ్న:
మాస్టారూ, తప్పు పుట్టుక బాగా చెప్పారు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. భోజ్‌బాసా గారు చూసిన ఆ గంగోత్రి గ్లేసియరే 2007 సెప్టెంబరు నుంచి 2009 జూన్ దాకా దాదాపు కదల్లేదని రైనా గారి పత్రంలో ఉంది. హిమాలయాలకి వాయవ్యంగా ఉన్న కారకోరం కొండల్లో కొన్ని గ్లేసియర్లు ముందుకి కూడా వచ్చాయి. భూమి వేడెక్కుతుంటే ఇవెందుకు ఆగాయి?

హనుమకొండ మాస్టారు:
అసలు చర్చ ఇక్కడుంది. మంచి ప్రశ్న అడిగారు.

రైనా గారి పత్రంలో ఎక్కువ కొలతలు గ్లేసియర్ మూతివి. అంటే మంచు ఎక్కడ ముగుస్తుందో ఆ అంచు ఏటా ఎంత వెనక్కి పోయిందన్నది. ఆ కొలతలు తప్పు కావు. కానీ మూతి ఆగిందంటే మంచు తరగడం ఆగిందని కాదు. గంగోత్రి సుమారు 30 కిలోమీటర్ల పొడవు. పైన ఈ ఏడాది మంచు తక్కువ పడితే ఆ సంగతి కింద మూతి దాకా రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. దానికి తోడు భోజ్‌బాసా గారు చూసిన రాళ్లు. మసి, దుమ్ము పల్చగా పడితే ఎండని పట్టేసుకుని మంచుని తొందరగా కరిగిస్తాయి. అదే రాళ్లు, మట్టి మందంగా పేరుకుంటే ఐస్ దిమ్మ మీద ఊక కప్పినట్టు వేడిని కిందికి దిగనివ్వవు. అలాంటి గ్లేసియర్ అంచు ఉన్నచోటే ఉంటుంది, మంచు మాత్రం పలచబడిపోతుంది. పొడవు చూస్తే ఏమీ కాలేదనిపిస్తుంది. మందం కొలిస్తేనే విషయం తెలుస్తుంది.

మందం ఎలా కొలుస్తారో చెప్తాను. హిమాచల్‌లో లాహౌల్ వైపు ఛోటా షిగ్రీ అనే గ్లేసియర్ ఉంది. 2002 నుంచి ఏటా కొలుస్తున్నారు. ఆవిరి డ్రిల్లుతో మంచులో లోతుగా రంధ్రాలు చేసి వెదురు కర్రలు దింపుతారు. మరుసటి ఏడాది వెళ్లి కర్ర ఎంత బయటపడిందో కొలుస్తారు. పై భాగంలో గోతులు తవ్వి, ఆ ఏడాది కొత్తగా పడిన మంచు పొర ఎంతో, దాని సాంద్రత ఎంతో చూస్తారు. వచ్చింది ఎంత, పోయింది ఎంత, అంతే లెక్క. కొన్ని ఏళ్లు లాభంలో ఉన్నాయి. మొత్తం మీద నష్టమే.

ఒక్క గ్లేసియర్‌ని చూసి చెప్తే ఎలా అంటారు, అడగాల్సిందే. 1970లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు హిమాలయాల్ని ఫిల్ము మీద ఫొటోలు తీశాయి. రహస్యం ఎత్తేశాక, కొలంబియా యూనివర్సిటీలో జాషువా మౌరర్ బృందం వాటి నుంచి అప్పటి మంచు ఎత్తుని తేల్చి ఇప్పటి ఉపగ్రహాల కొలతలతో పోల్చింది. 650 గ్లేసియర్లు, 2,000 కిలోమీటర్ల పొడవునా. 1975–2000 మధ్య ఏటా సగటున సుమారు 22 సెంటీమీటర్ల నీటికి సమానమైన మంచు పోయింది. 2000–2016 మధ్య సుమారు 43 సెంటీమీటర్లు. దాదాపు రెట్టింపు. ఇది 2019లో అచ్చయింది. ఫొటోలు తీసినవాళ్లకి వాతావరణ మార్పు గొడవే తెలియదు, వాళ్లు వెతికింది సైనిక స్థావరాల కోసం.

కారకోరం మాట నిజమే, అక్కడి తీరు చాలాకాలం వేరుగా ఉంది. శీతాకాలపు మంచు, స్థానిక వేసవి చలి వంటి కారణాలు చెప్తారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. దాన్ని దాచినవాళ్లు ఎవరూ లేరు. శాస్త్రపత్రికల్లో దానికి "కారకోరం అసంగతి" అని పేరే ఉంది.

సూటిప్రశ్న:
కరుగుతోందన్న మాట ఆ ఫొటోల లెక్కతో ఒప్పుకోవచ్చు. మరి కారణం? మన గంగా మైదానంలో పొయ్యిల పొగ, డీజిల్ మసి వెళ్లి మంచు మీద పడుతున్నాయి. మీరే చెప్పారు, మసి పడితే మంచు తొందరగా కరుగుతుందని. ఇక సూర్యుడు ఉన్నాడు. కార్లు లేని కాలంలోనూ మంచుయుగాలు వచ్చాయి, పోయాయి.

కొలరాడో కుర్రాడు:
అన్నా, నేను ఇక్కడ వాతావరణ భౌతికశాస్త్రం చదువుతున్నా, ఇది నేను చెప్తా. మసి పాత్ర ఉంది. మద్రాసులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ గారు ఏళ్ల తరబడి దాని మీదే పనిచేశారు. కానీ మాస్టారు చెప్పిన ఆ 2019 పరిశోధనలో నష్టం అంత పొడవునా దాదాపు ఒకేలా కనిపించింది. మసి, వానలు చోటుని బట్టి మారతాయి. అంతటా ఒకేసారి పెరిగింది ఉష్ణోగ్రత. అందుకే వాళ్లు దాన్నే ప్రధాన కారణంగా చెప్పారు.

సూర్యుణ్ణి 1978 నుంచి ఉపగ్రహాలతో నేరుగా కొలుస్తున్నారు. 11 ఏళ్ల హెచ్చుతగ్గులు తప్ప, ఈ వేడిని వివరించే పెరుగుదల లేదు. ఇంకో గుర్తు: సూర్యుడే కారణమైతే వాతావరణం కింద నుంచి పై దాకా వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, పైన ఉన్న పొర, స్ట్రాటోస్ఫియర్, చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అలాగే జరగాలని 1967లోనే మనాబె, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

మంచుయుగాలు భూకక్ష్య నెమ్మదిగా మారడం వల్ల మొదలయ్యాయి, వేల ఏళ్ల వ్యవహారం. హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలిచిన కార్బన్ డయాక్సైడ్ 1958లో పది లక్షల్లో 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. అది బొగ్గు, చమురుదేనని కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు) చెప్తున్నాయి. ఒకప్పుడు మంటలు వాటంతట అవే పుట్టాయి కదా అని ఈ రోజు నిప్పు పెట్టిన మనిషిని వదిలేయలేం.

విశాఖ సివిల్:
కృష్ణాతీరం గారూ, ఆ ఈమెయిళ్ల మీద బ్రిటన్‌లో చాలా విచారణలు జరిగాయి. డేటా పంచుకోలేదని గట్టిగానే తప్పుపట్టారు. ఫలితాలు కల్పించారని మాత్రం ఏ విచారణా తేల్చలేదు. బెర్క్‌లీలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతికశాస్త్రవేత్త నమ్మకం కుదరక ఉష్ణోగ్రతల లెక్కని మొదటి నుంచీ మళ్లీ కట్టించాడు. 2012లో ఆయనకీ అదే వేడెక్కే గీత వచ్చింది.

ఇక మనకెందుకు అన్నారు. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనాక్ గ్లేసియర్ సరస్సు తెగి, 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యాం కొట్టుకుపోయింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో మన తెలుగు ఇంజినీర్లు, కూలీలు పనిచేస్తారు. చార్‌ధామ్‌కి మన ఊళ్ల నుంచి ఏటా ఎన్ని బస్సులు వెళ్తాయో మీకు తెలుసు. కరిగిన నీళ్లు చివరికి సముద్రంలోకే వస్తాయి, మన డెల్టాలు ఎత్తైనవి కావు. అలాగని ఉప్పాడ కోత మొత్తం భూతాపం ఖాతాలో వేసేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోవడం కూడా అక్కడ పెద్ద కారణం. అన్నిటికీ ఒకే కారణం చెప్పడం వల్లే సూటిప్రశ్న గారి లాంటి వాళ్లకి అనుమానం వస్తుంది.

సూటిప్రశ్న:
ఈ చివరి మాట మా వైపు నుంచి నేనే అందామనుకున్నాను. ఐపీసీసీ సిఫార్సులన్నీ ఇండియా మోయాలన్న వాదన నాకిప్పటికీ నచ్చదు, ముందు కాల్చింది మనం కాదు. అది వేరే చర్చ, వేరే పెడతాను. కానీ ఒకటి చెప్పండి: 2035 పోతే, ఇప్పుడు నమ్మదగ్గ అంకె ఏది? మన దేశంలో కొలిచేవి ఎన్ని?

హనుమకొండ మాస్టారు:
హిందూకుష్ హిమాలయాల మీద ఖాట్మండులోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ ఐసీఐఎంఓడీ 2019లో పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచం 1.5 డిగ్రీల దగ్గర ఆగినా 2100 కల్లా మూడో వంతు మంచు పోతుంది, ఇప్పటిలాగే కాలుస్తూ పోతే మూడింట రెండు వంతులు. అంటే 2035లో ఖాళీ కావు. కానీ ఈ రోజు పుట్టిన పిల్లలు ముసలివాళ్లయ్యేసరికి చాలా భాగం పోతుంది.

రెండో ప్రశ్నకి జవాబు బాధగా ఉంటుంది. జియలాజికల్ సర్వే లెక్కలో మన దేశంలో 9,575 గ్లేసియర్లున్నాయి. కర్రలు దింపి ఏళ్ల తరబడి మందం కొలిచినవి అందులో పదుల్లోనే. రైనా గారు 2009లో అడిగింది కూడా కొలతలే. మీరు మీ ఎంపీకి రాస్తానంటే నేనూ సంతకం పెడతాను: కొలిచే గ్లేసియర్ల సంఖ్య పెంచాలి, ఏ ఏడాది లెక్క ఆ ఏడాదే అందరికీ కనపడేలా పెట్టాలి, గ్లేసియర్ సరస్సుల కింద ఉన్న ప్రతి డ్యాముకీ హెచ్చరిక సైరన్ ఉండాలి. డ్రాఫ్టు మీరు రాయండి, అంకెలు నేను సరిచూస్తాను.